కలపాలెం ఎక్కడుంది: ఒక పాత కాగితం చదివిన వైనం

ఆమె నా దగ్గరికి వచ్చేసరికే ఆ ఊరి కోసం నాలుగేళ్ళుగా వెతుకుతున్నారు. గుంటూరు అరండల్‌పేటలో ఉంటారు, లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. నాన్నగారు పోయాక ట్రంకు పెట్టె అడుగున దొరికిన కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో తెచ్చి నా బల్ల మీద ఉంచారు.

“అన్నయ్య గారూ, మా పూర్వీకుల ఊరు ఇందులో ఉంది. కృష్ణా జిల్లా, కలపాలెం. బందరు వైపు, గుడివాడ వైపు తెలిసినవాళ్ళందరినీ అడిగాం. అలాంటి ఊరే లేదంటున్నారు” అన్నారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఇప్పుడు కొత్తవి రాయడం మానేసి పాతవి చదివి పెడుతున్నాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పొలం తగాదాల వాళ్ళు. అప్పుడప్పుడు ఇలా వంశవృక్షం వేసుకునేవాళ్ళు వస్తారు. నిజానికి రెండో రకం పనే కష్టం. తగాదాలో ఏం వెతకాలో ముందే తెలుసు: హద్దులు, విస్తీర్ణం, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్నది. వంశం వెతికేవాళ్ళు మాత్రం మనసులో ఒక కథ పెట్టుకుని వస్తారు. కాగితం ఆ కథనే చెప్పాలని వాళ్ళకు లోపల ఉంటుంది. చదివేవాడికి అది అంటుకోకుండా ఉండదు. నాకూ అంటుకుంది, ఆ సంగతి దాని చోట చెబుతాను. పేర్లు, ఇంటిపేరు వదిలేసి రాస్తానన్న మాట మీద ఆమె ఈ కేసు రాయడానికి ఒప్పుకున్నారు.

కాగితం

ఒక్క ఠావు. తెల్ల కాగితం, స్టాంపు లేదు, రెండు వైపులా రాత ఉంది. నల్లసిరా కాలక్రమాన కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగింది. నిలువునా ఒక మడత, అడ్డంగా రెండు. నిలువు మడత ఏనాడో పూర్తిగా చిరిగిపోతే ఇంట్లో ఎవరో అన్నం మెతుకులు మెదిపి వెనక నుంచి కాగితపు పేలిక అంటించారు. మెతుకుల కోసం పురుగు వచ్చింది, వచ్చినది మెతుకులతో ఆగలేదు.

స్టాంపు కాగితమయితే కాలం చాలావరకు బొమ్మే చెబుతుంది. 1901 వరకు విక్టోరియా రాణి, ఆ తర్వాత ఎడ్వర్డు, 1910 నుంచి జార్జి. ఇది స్టాంపు మీద రాయడానికి ముందు పెద్దమనుషుల ఎదుట తెల్ల కాగితం మీద రాసుకుని చేవ్రాళ్ళు పెట్టుకున్న ఖరారు. కాబట్టి ఆ దారి లేదు.

దస్తూరి గొలుసుకట్టు. కలం ఎత్తకుండా ఒక అక్షరానికి ఇంకొకటి తగిలించుకుంటూ పోయే కరణాల రాత అది. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. తలకట్టు సాగి పక్క అక్షరం నడుముకు తగులుతుంది. పై వరుసలోని వత్తు కిందికి దిగి అక్కడి అక్షరానికి గుడిలా కూర్చుంటుంది. టీచరు గారి మేనల్లుడు ఫోనులో అక్షరాలు గుర్తించే యాప్‌తో ప్రయత్నించాడట. అది ఒక వరుసను కన్నడం అనుకుంది, రెండో వరుసను బొమ్మ అనుకుని వదిలేసింది.

టీచరు గారు తాను చదివినంత ఒక నోటుబుక్కులో శుభ్రంగా రాసుకొచ్చారు. దాని ప్రకారం విరోధికృతు నామ సంవత్సరంలో, అంటే 1911-12లో, కృష్ణా జిల్లా కలపాలెంలో ఒక పెద్దాయన తన కొడుకు కొడుక్కి పొలం రాసిచ్చాడు. ఆ మనవడే వీళ్ళ ముత్తాత. ఆయన పేరుకు ముందు ‘మయినరు’ అని ఉంది, అది ముద్దుపేరు కావచ్చునని ఆమె ఊహ.

ముద్దుపేరు కాదు, మైనరే. పాత వర్ణక్రమంలో అలా రాసేవారు. అది విని ఆమె కాసేపు మాట్లాడలేదు. 1912 నాటికి ముత్తాత పెళ్ళయి పిల్లలున్నవాడని ఇంట్లో అందరికీ తెలుసు.

జిల్లా

నాకు మొదటి అనుమానం ‘కృష్ణా’ అన్న మాట దగ్గరే వచ్చింది. 1859లో గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేశారు. మళ్ళీ 1904లోగానీ గుంటూరు జిల్లా వేరుపడలేదు. ఈ నడుమ నలభై అయిదేళ్ళలో నరసరావుపేటలో రాసిన కాగితమైనా, బాపట్లలో రాసిన కాగితమైనా కృష్ణా జిల్లా అనే అంటుంది. అంటే ఏటికి ఇవతలి ఒడ్డున ఉన్న ఊరిని వీళ్ళు నాలుగేళ్ళపాటు అవతలి ఒడ్డున వెతుకుతూ ఉండవచ్చు.

అయితే 1912 అన్న లెక్కకు ఇది పొసగదు. కొత్త జిల్లా వచ్చిన ఎనిమిదేళ్ళకు కూడా కరణం అలవాటు కొద్దీ పాత పేరే రాశాడా, లేక సంవత్సరమే తప్పా? అలవాటు అసాధ్యమేమీ కాదు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల వేరే జిల్లా అయినా ఇప్పటికీ గుంటూరు జిల్లా అనే చిరునామాలు నా దగ్గరికి వస్తున్నాయి. అందుకని ఆ ప్రశ్నను పక్కన పెట్టి దస్తూరి మీద కూర్చున్నాను.

దస్తూరి నేర్చుకోవడం

చదవడం మొదలుపెట్టే ముందు కాగితాన్ని కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేటట్టు చూసుకుని, పక్కన స్కేలు ఉంచి ఫోటోలు తీస్తాను. ఆ తర్వాత అసలు కాగితాన్ని ముట్టుకోను. ఫోటోను నలుపు తెలుపుల్లోకి మార్చి ముదురు చేస్తే సిరా తేలుతుంది. నిమ్మరసం, నూనె, టేపు, లామినేషన్ లాంటి చిట్కాలు దయచేసి వద్దు. లామినేషన్ చేసిన దస్తావేజును చూస్తే నాకు ఫ్రేము కట్టిన శవాన్ని చూసినట్టుంటుంది.

కొత్త దస్తూరి చేతికొచ్చినప్పుడు నేను మొదటి వరుస నుంచి చదవను. హద్దుల దగ్గరికి వెళ్తాను. ఏ కరణమైనా హద్దులు చెప్పేటప్పుడు తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం రాయక తప్పదు. నాలుగు మాటలూ ఏమిటో మనకు ముందే తెలుసు కాబట్టి, ఆ మనిషి త ఎలా తిప్పుతాడో, క్ష ఎలా ముడివేస్తాడో, డ పొట్ట ఎంత లావో అక్కడే తెలిసిపోతుంది. ‘నామ సంవత్సర’, ‘వ్రాయించి యిచ్చిన’, ‘సాక్షులు’ కూడా అలాంటివే. ఆ మాటల్లోంచి ఒక్కొక్క అక్షరాన్నీ కత్తిరించి కాగితం మీద వరుసగా అంటించుకుంటే అతని అక్షరమాల తయారవుతుంది. అనుమానం వచ్చిన అక్షరాన్ని దానితో పోల్చాలే తప్ప మన బుర్రలో ఉన్న అక్షరంతో కాదు.

ఇతని ‘తూర్పు’ దగ్గరే అసలు విషయం బయటపడింది. అతను ‘తూపు౯’ అని రాశాడు. ఇది తప్పు కాదు. పాత రాతలో పొల్లు రకారాన్ని ముందు రాయకుండా, తర్వాతి హల్లు రాసి దాని కుడిపక్కన ఒక గిలక తగిలించేవారు. దాని పేరు వలపలగిలక. వలపల అంటే కుడివైపు. సర్వం ‘సవ౯ం’, కార్తీకం ‘కాతీ౯కం’, స్వార్జితం ‘స్వాజి౯తం’. చూడడానికి అది అచ్చం తెలుగు తొమ్మిది అంకెలా ఉంటుంది. ఇప్పటివాళ్ళకు ఈ గుర్తు బడిలో చెప్పరు కాబట్టి కొందరు అంకె అనుకుంటారు, కొందరు సిరా మరక అనుకుని దాటేస్తారు.

టీచరు గారు మరక అనుకున్నారు. కాగితంలో రెండుచోట్ల ఉన్న ఊరి పేరు ‘కలపాలెం’ కాదు, ‘కల౯పాలెం’. కర్లపాలెం. బాపట్లకు దగ్గరలో ఉన్న ఊరు, ఇప్పుడు మండల కేంద్రం. నిలువు మడత మీద పడి పోయిన తాలూకా పేరులో అడుగున ఒక ల వత్తు తోక మాత్రం మిగిలింది. అప్పటిదాకా దానికి అర్థం లేదు. ‘బాపట్ల’ అని పెట్టి చూస్తే ట కింద ఉండవలసిన చోటే ఉంది.

ఫోను చేసి చెబితే ఆమె మొదట నమ్మలేదు. “కర్లపాలెమా? మా ఆడపడుచును ఇచ్చింది ఆ పక్క ఊరికే కదండీ. ఎన్నిసార్లు బస్సులో అటు వెళ్ళానో!” అన్నారు.

నా తప్పు

ఊరు దొరికిన ఉత్సాహంలో మిగతా కాగితం ఒక్క సాయంత్రంలో చదివేశాను. ఇచ్చే పెద్దాయన పేరు, పుచ్చుకునే పిల్లవాడి పేరు, ఇద్దరి నడుమ చుట్టరికం. ‘నా కుమారుని కుమారుడు’ అని చదివి ఆమెకు అలాగే చెప్పాను. ఆమె అనుకున్నదీ అదే. రాత్రికి రాత్రే వంశవృక్షం గీసి బంధువులందరికీ పంపారు.

దస్తావేజు భాష నాకు కంఠతా వచ్చు. నన్ను ముంచింది కూడా అదే. ఇలాంటి చోట ఏ మాట రావాలో తెలిసినవాడు అక్షరాలు చూడడు, మాట ఆకారం చూసి ముందుకు పోతాడు. ‘కుమా’ కనిపించింది, తర్వాత పురుగు కొట్టిన చిల్లు, ఆ వెంటనే మళ్ళీ ‘కుమారుడు’. చిల్లులో ‘రుని’ పెట్టేశాను.

మూడు రోజుల తర్వాత శుద్ధప్రతి రాసుకుంటున్నాను. ఎప్పుడూ చేసే పని ఒకటుంది. ఆ కాగితంలోని వలపలగిలకలన్నీ లెక్కపెట్టి, ఒక్కొక్కదానికీ అది చెందే అక్షరాన్ని పక్కన రాసుకుంటాను. పదకొండింటికి యజమానులు దొరికారు. పన్నెండోది మిగిలిపోయింది. అది చిల్లు అంచున, కొంచెం పైకి ఉంది. మొదటిసారి చదివినప్పుడు దాన్ని పై వరుసలోని అక్షరానికి వత్తు అనుకున్నాను. ఇప్పుడు పైకి చూస్తే అక్కడున్నది ‘నా’. దానికి వత్తే లేదు. ఆ తోకకు దిక్కూ మొక్కూ లేదు.

చిల్లు అంచును పెద్దది చేసి చూశాను. సగం తిన్న అక్షరంలో ఎడమ వైపు కొసా, పైన ఎత్వం మొదలూ మిగిలాయి. నా పట్టికలో ‘తెలిసి’ అన్న మాట నుంచి కత్తిరించిన తె పక్కన పెడితే రెండూ ఒకే చేతి తిప్పుడు. ర అయితే అక్కడ గుండ్రంగా మూసుకోవాలి. మూసుకోలేదు. కుమా, తె, దాని కుడివైపు గిలక: ‘కుమాతె౯’. నా కుమార్తె కుమారుడు.

అప్పుడు పొలం సంగతి కూడా కుదురుకుంది. పెద్దాయన ఆ భూమిని స్వార్జితమని ప్రత్యేకంగా రాయించాడు. కొడుకు కొడుకైతే వారసత్వంలో ఎలాగూ వస్తుంది, ఇంత హడావుడిగా రాసివ్వవలసిన అవసరం సాధారణంగా పడదు. కూతురి కొడుక్కి ఇవ్వాలంటే మాత్రం కాగితం కావాలి. చదివిన మొదటి రోజే ఈ ప్రశ్న నాకు రావలసింది. ఇలాంటి కాగితాలు నేనే ఎన్నో రాశాను.

ఆమెకు ఫోను చేసి తప్పు ఒప్పుకున్నాను. వృక్షంలో ఒక కొమ్మ మొత్తం తీసి పక్కకు నాటాలి. ఆ పెద్దాయన ఇంటిపేరు వీళ్ళ ఇంటిపేరు కాదేమని అప్పటిదాకా వాళ్ళను ఒక ప్రశ్న వేధించేది. ‘తర్వాత మార్చుకుని ఉంటారు’ అని సర్దుకున్నారట. మార్చుకోలేదు. అది తల్లి పుట్టింటి పేరు. ఆ తల్లి పేరు కూడా అదే వరుసలో ఉంది, చెక్కుచెదరకుండా. ఇంట్లో ఎవరికీ తెలియని పేరు అది. టీచరు గారు దాన్ని ఫోనులో రెండుసార్లు పలికించుకుని రాసుకున్నారు.

సంవత్సరం

ఇక మిగిలింది తేదీ. కాగితంలో కనిపించేది ‘విరోధి’, ఆ తర్వాత నిలువు మడత చిరుగు, ఆ తర్వాత ‘నామ సంవత్సర మాఘ శుద్ధ ౧౦ గురువారం’. అరవై సంవత్సరాల పట్టికలో విరోధి ఇరవై మూడోది, విరోధికృతు నలభై అయిదోది. ఆ కాలంలో మొదటిది 1889-90, రెండోది 1911-12. ఇరవై రెండేళ్ళ తేడా. ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి: ప్రమాది, ప్రమాదీచ, విలంబి, హేవిలంబి, శుభకృతు, శోభకృతు. పాత తేదీలు చూసేవాళ్ళు ఈ నాలుగు జంటల దగ్గర ఒక క్షణం ఆగడం మంచిది.

విరోధికృతు అనడానికి టీచరు గారి వాదం బలమైనదే. చిరుగు దగ్గర రెండు అక్షరాలు పట్టేంత ఖాళీ ఉంది. గొలుసుకట్టులో ఊరికే ఖాళీ వదలరు. కాబట్టి ‘కృతు’ పోయింది. లెక్కల టీచరు కదా, స్కేలుతో కొలిచే చెప్పారు.

నేనూ స్కేలే పట్టుకున్నాను, కానీ కింది వరుసల్లో. అదే నిలువు మడత మీద హద్దుల దగ్గర ‘దక్షిణం’ అన్న మాట పడింది. క్షి సగం ఇటు, సగం అటు. పోయిన అక్షరం ఏదీ లేదు, అయినా మధ్యలో దాదాపు అంతే ఖాళీ. అంటే ఆ ఖాళీ కరణం రాతలోది కాదు, అతికించినవాళ్ళ చేతిలోది. చిరిగిన రెండు అంచులను దగ్గరికి చేర్చకుండా ఎడంగా పెట్టి పేలిక అంటించారు. ఫోటోలో ఆ ఎడం మేరకు రెండు ముక్కలనూ దగ్గరికి జరిపితే ‘విరోధి’ వచ్చి ‘నామ’ను ఆనుకుంది.

వ్యాకరణం వైపు నుంచి ఇంకో చిన్న ఆధారం ఉంది. చదువుకున్న కరణం అయితే విరోధికృత్ పక్కన నామ వచ్చినప్పుడు ‘విరోధికృన్నామ’ అని రాస్తాడు. నా కింద న వత్తు ఉండాలి, ఇక్కడ లేదు. అయితే ‘విరోధికృతు నామ’ అని విడిగా రాసినవాళ్ళూ బోలెడుమంది. దీన్ని నేను రుజువుగా లెక్కపెట్టలేదు.

తేల్చింది వారం. తిథీ వారమూ రెండూ రాసిన కాగితం దొరకడం అదృష్టం. తిథి ఒక్కటైతే ప్రతి ఏడూ వస్తుంది, వారంతో ముడిపడితే ఎంచుకోవడానికి కొద్ది సంవత్సరాలే మిగులుతాయి. లెక్క వేస్తే విరోధి మాఘ శుద్ధ దశమి 1890 జనవరి 30న వచ్చింది. గురువారం. విరోధికృతు మాఘంలో అదే తిథి 1912 జనవరి చివర ఆదివారం, సోమవారాల దగ్గర పడుతుంది, గురువారం దరిదాపుల్లో లేదు. ౧ కింద మూసుకుపోతే ౦లా కనిపిస్తుంది కనుక, పది కాదు పదకొండేమోనని కూడా చూశాను. 1890లో ఏకాదశి శుక్రవారం. కుదరదు.

1890 అనుకుంటే అన్నీ సర్దుకుంటాయి. కృష్ణా జిల్లా సరిపోయింది, మైనరు సరిపోయింది, ముత్తాత పెళ్ళి ఏడు సరిపోయింది. కరణానికి అలవాటు పొరపాటు అంటగట్టనక్కర్లేదు.

నకలు

సంవత్సరం, ఊరు తెలిశాక రిజిస్ట్రేషన్ కార్యాలయం పని సులువైంది. స్థిరాస్తి దస్తావేజుల నకళ్ళు ఒకటో నంబరు పుస్తకంలో ఉంటాయి. రుసుము కట్టి ఆ పుస్తకాన్నీ, దాని సూచికలనూ ఎవరైనా చూడవచ్చు, నకలు అడగవచ్చు. వీలునామాల పుస్తకం అలా కాదు. చాలామంది ఈ హక్కు తమకు లేదనుకుని వెనక్కి వస్తారు. అయితే సూచిక తిప్పాలంటే ఏ ఏడో తెలియాలి. 1912లో వెతికి ఉంటే ఏమీ దొరికేది కాదు.

మూడు సార్లు తిరిగాక దొరికింది. ఖరారు రాసుకున్న కొద్ది వారాలకే స్టాంపు కాగితం మీద రాసి రిజిస్టరు చేయించారు. గుమాస్తా గుండ్రటి దస్తూరి, హాయిగా చదువుకోవచ్చు. ‘నా కుమాతె౯ కుమారుడును మయినరును అగు’ అని ఏ చిల్లూ లేకుండా ఉంది. పిల్లవాడి వయసు అయిదేళ్ళు.

కానీ నకలు అంటే అది కూడా ఒక మనిషి చదివినదే. అసలు మీద గుమాస్తా చూసి రాసుకున్నది. ఖరారులో పొలం విస్తీర్ణం నా కళ్ళకు య ౧-౯౬, అంటే ఎకరం తొంభై ఆరు సెంట్లు. నకలులో ౧-౯౯. మధ్యలో స్టాంపు కాగితం ఉంది, అది మన చేతిలో లేదు. ఖరారులో ఆరు అంకె ఇంకొక్కసారే వచ్చింది, అదీ సగం వెలిసిపోయి. నేను ఆరు అనే అంటాను, పందెం మాత్రం కట్టను. కోర్టు వ్యవహారమైతే ఆ మూడు సెంట్ల మీద ఇంకో ఏడాది గడిచేది. టీచరు గారికి ఆ సెంట్లు అక్కర్లేదు. ఆమెకు కావలసింది వేరు: తండ్రి వైపు ఊరు ఏది?

పిల్లవాడి తండ్రి సంరక్షకుడుగా ఉన్నాడు. నకలులో అతణ్ణి ‘ప్రస్తుతం కర్లపాలెం కాపురం’ అన్నారు. ఇల్లరికం వచ్చినవాడన్నమాట. సొంత ఊరు అందులో లేదు. ఖరారులో మాత్రం చేవ్రాలు కింద తన ఊరు తానే రాసుకున్నాడు. అది అతని సొంత దస్తూరి, కరణానిది కాదు. నా పట్టిక దానికి పనికిరాదు. కూడబలుక్కుని రాసే చెయ్యి, అక్షరాలు పెద్దవి, వాటిలో మొదటి సగం అడ్డ మడతలో అరిగిపోయింది. మిగిలింది రేఫ వత్తుతో ఒక ఓత్వం, ఆ తర్వాత ‘లు’. ఆ అక్షరం ప్రో కావచ్చు, బ్రో కావచ్చు.

భట్టిప్రోలు, చేబ్రోలు, నిడుబ్రోలు. ఏరు దాటితే పెదప్రోలు. అరిగిన చోటు కొలిస్తే రెండు అక్షరాలు పడతాయి, కాబట్టి నేను చేబ్రోలు కాదంటున్నాను. అంత పెద్దగా రాసేవాడికి చే ఒక్కటే రెండు అక్షరాల చోటు తీసుకోదా అని టీచరు గారు అడుగుతున్నారు. కాదనడానికి నా దగ్గర అతని ఇంకో చే లేదు. వచ్చే వారం ఇద్దరం పొన్నూరు బస్సు ఎక్కి ముందు నిడుబ్రోలు వెళ్తున్నాం. పిల్లవాడి తండ్రి ఇంటిపేరు వాళ్ళు అక్కడ రెండు కుటుంబాలు ఉన్నాయని ఆమె ఆడపడుచు కబురు పంపింది.